ముందు ఇల్లు నడవాలి

నాన్నా,

నీ అప్పుల సంగతి వాళ్లూ వీళ్లూ చెప్పగా కాకుండా నీ నోటే విన్నాను. అది నాకెంత ఊరటో చెప్పలేను. ఉద్యోగమంతా బ్యాంకు కౌంటరు వెనకాలే గడిచినదాన్ని. అప్పు చెయ్యి దాటిన మనిషి మొదట భార్యకు చెప్పడు, తర్వాత తల్లికి చెప్పడు, చివరికి కాగితం మీద రాసుకోవడానికి కూడా భయపడతాడు. మొత్తం ఎంతయిందో తనకే తెలియని స్థితిలో మా ముందుకొచ్చి కూర్చునేవాడు. నువ్వు అక్కడిదాకా పోకముందే చెప్పావు. ఇంకొక్క మాట. ఈ అప్పుల్లో సగానికి పైగా మీ నాన్న వైద్యానికి చేసినవి. తండ్రిని దక్కించుకోవాలని చేసిన అప్పుకు తల దించుకోనక్కర్లేదు. ఆయన దక్కలేదు, అప్పు మిగిలింది. దాన్ని తీర్చే దారి ఉంది. ఫోన్లో అన్నీ కుదరవని రాస్తున్నాను. మా కోడలమ్మాయి కూడా నీ పక్కన కూర్చుని చదవాలి.

నువ్వు చెప్పినవాటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. జీతం పడిన వారానికల్లా వాయిదాలకు ఊడ్చిపెట్టేసి, ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి పాలకూ కిరాణాకూ మళ్లీ కార్డు గీకుతున్నానన్నావు. ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు ముందు ఇస్తున్నావు. కార్డువాళ్లు పొద్దస్తమానం ఫోన్లు చేస్తారు గనక వాళ్లకు ముందు. తెనాలి ప్రోనోటు ఆయన మొహమాటస్తుడు గనక ఆయన వడ్డీ రెండు నెలలకోసారి. మావయ్య అసలే అడగడు గనక ఆయనకు ఏమీ లేదు. అందరికీ ఇవ్వగా మిగిలితే ఇంటికి, మిగలకపోతే మళ్లీ కార్డు. ఈ వరసలో పదేళ్లు కట్టినా బాకీ అక్కడే ఉంటుంది నాన్నా. ముందు ఇంటికి కావలసింది తీసి పక్కన పెట్టాలి. మిగిలినదాన్నే అప్పులవాళ్లకు పంచాలి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే, మిగతాదంతా దీని వివరమే.

నువ్వు పంపిన లెక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నీ చేతికొచ్చే జీతం 78,000. అద్దె 16,000. బియ్యం, కూరలు, పాలు, గ్యాసు అన్నీ కలిపి 13,000. కరెంటు, ఫోన్లు 3,000. ఆఫీసు రాకపోకలు 4,000. పాప బడి 5,000. అమ్మ మందులు 3,000. ఆరోగ్య బీమా, నీ టర్మ్ పాలసీ ప్రీమియం నెలకు వేసుకుంటే 2,500. వీటికి నేను ఇంకో 3,500 కలిపాను, అనుకోని ఖర్చు అని. మొత్తం 50,000.

ఆ చివరి 3,500 చూసి అప్పుల్లో ఉన్నవాడికి ఇదెందుకు పెద్దమ్మా అంటావు. అదే అన్నిటికంటే ముఖ్యం. కసి మీద వేసుకున్న ప్రణాళికలు మూడో నెలలోనో నాలుగో నెలలోనో ఎలా విరుగుతాయో నేను చూశాను. పన్ను నొప్పి వస్తుంది, బండి టైరు పోతుంది, దగ్గరివాళ్ల పెళ్లి పడుతుంది. చేతిలో పైసా ఉండదు, మళ్లీ కార్డు బయటికి వస్తుంది, ఒకసారి గీకాక ఇక ఆ ప్రణాళిక మీద నమ్మకం పోతుంది. కడుపు మాడ్చుకుని ఆర్నెల్లు కట్టడం కంటే, తిని మూడేళ్లు కట్టడం మేలు. ఆ సొమ్ము ఖర్చు కాని నెలలో దాచిపెట్టు, ఇంకో అప్పుకు కట్టెయ్యకు. బీమా కూడా అంతే. డబ్బుకు ఇబ్బందైన ఇంట్లో మొదట ఆగిపోయేది ప్రీమియమే. మీ నాన్నకు ఆరోగ్య బీమా ఉండి ఉంటే ఈ కాగితం రాసే అవసరం సగం ఉండేది కాదు. దాన్ని ఏ నెలా ఆపొద్దు.

ఇంటికి తీయగా నీకు 28,000 మిగులుతుంది. ఇప్పుడు అప్పులు చూద్దాం. పర్సనల్ లోను మూడు లక్షలు, 14 శాతం, వాయిదా 10,000. రెండు కార్డులూ కలిపి మూడు లక్షలు. తెనాలి ప్రోనోటు లక్ష, నూటికి రెండు రూపాయలు. మావయ్య ఇచ్చిన చేబదులు ఎనభై వేలు, వడ్డీ లేదు.

వీటిలో ఏది ఎక్కువ కొరుకుతోందో నీకు తెలియడం లేదు, ఎందుకంటే ఒక్కొక్కరు వడ్డీని ఒక్కో భాషలో చెబుతారు. బ్యాంకువాళ్లు సంవత్సరానికి ఇంత శాతం అంటారు, ఊళ్లో నెలకు నూటికి ఇన్ని రూపాయలంటారు, కార్డు బిల్లులో చిన్న అక్షరాల్లో నెల శాతం ఉంటుంది. అన్నిటినీ మన ఊరి లెక్కలోకి మార్చు. పర్సనల్ లోను నూటికి రూపాయి పదిహేడు పైసలు. ప్రోనోటు రెండు రూపాయలు. కార్డు మూడున్నర రూపాయలు, దాని మీద జీఎస్టీ 18 శాతం, వెరసి నాలుగు రూపాయల పైమాటే. మన ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అడిగితే మీ తాతయ్య గడప తొక్కనిచ్చేవారు కాదు. అదే వడ్డీ రంగుల కార్డు మీద వస్తే మనం గుర్తుపట్టలేకపోతున్నాం.

లెక్క చూడు. మూడు లక్షల కార్డు బాకీకి నెల వడ్డీ 10,500, దాని మీద జీఎస్టీ 1,890, కలిపి 12,390. బిల్లులో కనీస మొత్తం అని వేస్తారే, అది ఐదు శాతం లెక్కన 15,000. నువ్వు పదిహేను వేలు కడితే అసలులో తగ్గేది 2,610 రూపాయలు. అదే నెలలో కిరాణాకని ఏడెనిమిది వేలు గీకావు. ఇక తగ్గేదెక్కడ? కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ ఏళ్లకేళ్లు సాగుతుందని బిల్లు మీదే హెచ్చరిక వేయాలని 2022లో రిజర్వు బ్యాంకు కార్డు కంపెనీలను ఆదేశించింది. నీ బిల్లులో కూడా ఉంటుంది, చూడు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ మిగిలి ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్నదానికి ఆ నలభై యాభై రోజుల వడ్డీలేని గడువు వర్తించదు. ఇరవయ్యో తారీఖున నువ్వు కొన్న పాల ప్యాకెట్టు మీద కూడా ఆ రోజు నుంచే నాలుగు రూపాయల వడ్డీ నడుస్తోంది. అందుకే చెబుతున్నాను, ఇంటి ఖర్చు ముందు తీసి పక్కన పెట్టుకోవడం సుఖం కోసం కాదు, అప్పు ఆగడం కోసమే.

ఇంగ్లండులో ఉన్న మీ అక్కతో మాట్లాడితే ఒక మాట చెబుతుంది. అక్కడ అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు స్టెప్‌చేంజ్ లాంటి ధర్మసంస్థ దగ్గరికి వెళతారు. 1993 నుంచి నడుస్తున్న సంస్థ, రుసుము తీసుకోదు. ఇంటి ఖర్చులన్నీ పద్దు రాసి, మిగులు తేల్చి, ఆ మనిషి నెలకు ఒకే మొత్తం కడితే దాన్ని అప్పులవాళ్లందరికీ వాళ్ల బాకీల నిష్పత్తిలో పంచుతుంది. వడ్డీ ఆపమనీ, తగ్గించమనీ వాళ్లను అడుగుతుంది. డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటారు దాన్ని. చట్టపరమైన కట్టుబాటు లేకపోయినా అప్పులవాళ్లు చాలావరకు ఒప్పుకుంటారు. తీర్చే ఉద్దేశం ఉన్న మనిషి దగ్గర నెలనెలా కొంత రావడమే వాళ్లకూ లాభం గనక. మన దగ్గర కూడా 2009లో రిజర్వు బ్యాంకు ఇలాంటి సలహా కేంద్రాలకు నమూనా తయారుచేసింది. అంతకు ముందే బ్యాంక్ ఆఫ్ ఇండియా 'అభయ్' పేరుతో, ఐసీఐసీఐ వాళ్లు 'దిశ' పేరుతో మొదలుపెట్టారు. ఇప్పుడు లీడ్ బ్యాంకుల ఆధ్వర్యంలో ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలున్నాయి, వెళితే ఉచితంగా సలహా ఇస్తారు. కానీ నీ తరఫున నలుగురితో మాట్లాడి, డబ్బు తీసుకుని పంచిపెట్టే ఏర్పాటు మాత్రం మన ఊళ్లలో అంతగా వేళ్లూనలేదు. కాబట్టి ఆ మధ్యవర్తి పని నువ్వూ నేనూ అమ్మాయీ కలిసి చేసుకుందాం. పద్ధతి అదే.

మొదటి పని కార్డు వడ్డీ దించడం. దాన్ని దించకుండా ఎంత కట్టినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా అడుగు: నా ఆదాయం ఇంత, ఇంటి ఖర్చు ఇంత, మిగులు ఇంత, కార్డు వాడకం ఆపేస్తున్నాను, బాకీ మొత్తాన్ని మూడేళ్ల వాయిదాల్లోకి మార్చండి అని. కస్టమర్ కేర్ అమ్మాయికి చెప్పి ఊరుకోకు, ఆ పిల్ల చేతిలో ఏ అధికారమూ ఉండదు. ఈమెయిల్ పెట్టు, బ్రాంచి ఉంటే వెళ్లి కాగితం ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకో. మొదటిసారి కాదంటారు. మళ్లీ అడుగు. ఒక్కరోజు కూడా డిఫాల్టు కాకముందే అడిగినవాడి మాటకు విలువ ఉంటుంది. తొంభై రోజులు దాటితే ఖాతా మొండిబాకీ లెక్కలోకి పోతుంది, అప్పుడు నీతో మాట్లాడేది వేరే మనుషులు.

వాళ్లు 16 శాతానికి ఒప్పుకున్నారనుకో. మూడు లక్షలకు మూడేళ్ల వాయిదా సుమారు 10,550 పడుతుంది, వడ్డీ మీద జీఎస్టీతో మొదట్లో 11,250 దాకా. మొత్తం మీద కట్టేది నాలుగు లక్షల లోపే. అదే మూడు లక్షలు ఇప్పుడున్న మూడున్నర వడ్డీ మీద నెలకు 16,000 చొప్పున కట్టినా మూడేళ్ల పైనే పట్టి, ఆరు లక్షలకు దగ్గరవుతుంది. రెండు లక్షల తేడా. ఒక ఉత్తరం ఖరీదు అది నాన్నా. ప్రాసెసింగు రుసుము ఎంతో, ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంతో అడిగి తెలుసుకో. రీస్ట్రక్చర్ చేశామని క్రెడిట్ రిపోర్టులో రాస్తారేమో కూడా అడుగు. రాసినా ఫర్వాలేదు, కట్టకుండా వదిలేసినదాని కంటే అది ఎంతో నయం.

ఇప్పుడు ఆ 28,000 ఎలా పంచాలో నా లెక్క ఇది. పర్సనల్ లోనుకు 10,000. కార్డుల వాయిదాకు 11,250. తెనాలి ఆయనకు 5,750. మావయ్యకు 1,000. కార్డు 16 శాతానికి దిగాక అన్నిట్లోకీ ఎక్కువ వడ్డీ ప్రోనోటుదే అవుతుంది గనక అదనంగా మిగిలినదంతా దాని మీదికి తోశాను. మొదటి నెల రెండు వేలు వడ్డీ పోను 3,750 అసలులో తగ్గుతుంది. నెలనెలా తగ్గిన అసలుకే వడ్డీ వేస్తే రెండేళ్ల లోపే ప్రోనోటు చెల్లిపోతుంది. ఆ 5,750 అక్కడి నుంచి మావయ్యకు మళ్లించు, ఇంకో తొమ్మిది నెలల్లో ఆయనదీ తీరుతుంది. అప్పటికి పర్సనల్ లోను, కార్డు వాయిదాలు చివరి అంచులో ఉంటాయి. మూడేళ్ల మీద ఒకటి రెండు నెలలు, అంతే.

మావయ్యకు నెలకు వెయ్యి ఏమిటి, ఎనభై నెలలు పడుతుంది కదా, ముందు వడ్డీవాళ్లవి తీర్చేద్దాం అనుకుంటావు. లెక్క ప్రకారం నువ్వన్నది సరే. కానీ ఆ ఎనభై వేలు మా తమ్ముడు ధాన్యం అమ్మిన డబ్బు. నువ్వు అడిగిన పూటే తెచ్చి ఇచ్చాడు, కాగితం ముక్క కూడా అడగలేదు. ఇప్పుడు వాడింటికి వెళ్లాలంటే నీకు మొహం చెల్లడం లేదు, పండక్కి కూడా వెళ్లలేదు. నెలకు వెయ్యి ఐదో తారీఖున వాడి ఖాతాలో పడుతూ ఉంటే నువ్వు వెళ్లగలవు, వాడితో కూర్చుని భోంచేయగలవు. ఫోన్ చేసి చెప్పు: మావయ్యా, రెండేళ్లు ఇంతే పంపగలను, ఆ తర్వాత వేగంగా తీరుస్తాను అని. వద్దురా అంటాడు. అయినా పంపు.

ప్రోనోటు విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. ఇచ్చిన ప్రతిసారీ ప్రోనోటు వెనకాల చెల్లు రాయించుకో, తారీఖుతో సహా. బ్యాంకు నుంచి పంపినా చెల్లు రాయించాల్సిందే. వడ్డీకింత, అసలుకింత అని విడివిడిగా రాయమను. ప్రోనోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, చెల్లు వేసిన తారీఖు నుంచి మళ్లీ మూడేళ్లు సాగుతుంది. ఆయనకు అది భద్రత, నీకు కట్టినదానికి రుజువు. చివరి రూపాయి ఇచ్చిన రోజున నోటు చేతికి తీసుకో. ఎక్కడో పెట్టాను, రేపిస్తాను అంటే పూర్తిగా ముట్టినట్టు సంతకంతో రశీదు తీసుకునే లేవాలి. పూచీ కింద ఖాళీ చెక్కులేమైనా ఇచ్చావా? నువ్వు చెప్పలేదు, నాకు అనుమానంగా ఉంది. ఇచ్చి ఉంటే వాటి నంబర్లు రాసిపెట్టుకుని, నోటుతో పాటే వెనక్కి తీసుకో. చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద కేసవుతుంది, రెండేళ్ల దాకా జైలుకు అవకాశమున్న నేరమది.

ఆటోమేటిక్‌గా ఖాతా నుంచి వాయిదాలు లాగేవాటికి కూడా ఇలాంటి సెక్షనే ఉంది, చెక్కు ఒక్కటే అనుకోకు. అందుకని వాయిదాలకు వేరే బ్యాంకులో ఒక ఖాతా తెరువు. జీతం పడిన రోజునే 28,000 అందులోకి పంపు, వాయిదాల తేదీలన్నీ మూడు నుంచి ఏడో తారీఖు మధ్యకు మార్పించుకో. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు వద్దు, ఫోన్లో యూపీఐ కలపొద్దు. జీతం ఖాతా, కార్డు ఒకే బ్యాంకువైతే ఇంకొంచెం జాగ్రత్త. బాకీ పడితే ఖాతాలో ఉన్నది జమకట్టేసుకునే హక్కు వాళ్లకుంటుంది. ఇంటికని తీసిపెట్టిన 50,000 వాళ్లకు అందని చోట ఉండాలి.

బంగారం సంగతి అడిగావు. కార్డు బాకీని తీర్చడానికి బ్యాంకులో నగలు కుదువబెట్టడం తప్పు కాదు. నాలుగు రూపాయల వడ్డీ పోయి రూపాయి లోపు వడ్డీ వస్తుంది, లక్షకు నెలకు మూడు వేలకు పైగా ఆదా. కార్డు బ్యాంకు మాట వినకపోతే ఈ దారి చూద్దాం. అయితే రెండు షరతులు. ఒకటి, బంగారం డబ్బుతో బాకీ తీర్చిన వెంటనే కార్డులు రెండూ మూసేయాలి. బాకీ లేని కార్డు మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున నీకే ఇవ్వాలని నిబంధన ఉంది. బంగారం పెట్టాక కార్డును బతకనిస్తే ఏడాది తిరిగేసరికి బంగారమూ అక్కడే ఉంటుంది, కార్డూ మళ్లీ నిండుతుంది. ఇలాంటివాళ్లను వేలం నోటీసుల దగ్గర చాలామందిని చూశాను. రెండోది, అమ్మాయి నగలు నువ్వు అడక్కూడదు. తనకు తానుగా ముందుకొస్తే సరే, అప్పుడు కూడా విడిపించే తారీఖు కాగితం మీద రాసి తన చేతికివ్వు. మీ అమ్మ గాజుల జోలికి అసలు పోవద్దు. మీ నాన్న పోయాక ఆమెకంటూ మిగిలినవి అవే.

ఫోన్లు చేసి వేధిస్తున్నారన్నావు. రికవరీ ఏజెంట్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, బంధువులకూ స్నేహితులకూ ఫోన్ చేసి పరువు తీయకూడదు. మర్యాదగా మాట్లాడేవాడికి మర్యాదగా చెప్పు: ఈ తారీఖున ఇంత కడుతున్నాను, నా ఉత్తరం మీ బ్యాంకులో ఉంది అని. ఫోన్ ఎత్తకుండా దాక్కోకు, అది వాళ్లకు అనుమానం పెంచుతుంది. హద్దు దాటినవాడి మాటలు రికార్డు చేసి బ్యాంకు నోడల్ అధికారికి పంపు. నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 14448కి ఫోన్ చేస్తే ఎలా ఫిర్యాదు చేయాలో చెబుతారు. ఖర్చేమీ లేదు.

లోన్ యాప్ నుంచి ఏమీ తీసుకోలేదన్నావు, నమ్ముతున్నాను. ఇక మీదట కూడా తీసుకోకు, ఒక వాయిదా తప్పిపోయే పరిస్థితి వచ్చినా సరే. 2020 చివర్లో మన హైదరాబాదులోనే ఈ యాప్‌ల వేధింపు తట్టుకోలేక వయసులో ఉన్నవాళ్లు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేస్తే దాని వెనక ఎంత పెద్ద వ్యవహారముందో బయటపడింది. వారానికి తీర్చాలని ఐదు వేలిచ్చి, ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాక్కుని, మార్ఫింగ్ ఫొటోలు పంపేవాళ్లు. ఇప్పుడు నిబంధనలొచ్చాయి. ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోకూడదు, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకే రావాలి, ఏ బ్యాంకుకు ఏ యాప్ పనిచేస్తోందో రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో జాబితా ఉంది. జాబితాలో లేనిదాన్ని నమ్మకు. నీ ఆఫీసులో ఎవరైనా ఇందులో ఇరుక్కుంటే 1930కి ఫోన్ చేయమను.

ఇంకొక రకం మనుషులున్నారు. మీ ఈఎంఐలన్నీ ఆపేయండి, ఆ డబ్బు మా దగ్గర వేయండి, సగానికే సెటిల్ చేయిస్తాం అని. నీకు అలాంటి ఫోన్ వచ్చిందన్నావు. ఇది నేను చెప్పే ప్రణాళికకు పూర్తిగా వ్యతిరేకమైనది. కట్టడం ఆపగానే వడ్డీ, జరిమానా పెరుగుతాయి, క్రెడిట్ స్కోరు పడిపోతుంది, నోటీసులు వస్తాయి. బ్యాంకు ఒప్పుకోవాలని ఏమీ లేదు. ఈలోగా వాళ్ల రుసుము వాళ్లు తీసుకుంటారు. ఉద్యోగం పోయి, జబ్బు చేసి నిజంగా కట్టలేని స్థితికి వచ్చినవాడు బ్యాంకుతో నేరుగా రాజీ మాట్లాడుకోవడం వేరు, అందులో పాపమేమీ లేదు. లోక్ అదాలత్‌లో ఇలాంటి రాజీలు జరుగుతూనే ఉంటాయి. దాని వెల తెలుసుకుని చేయాలి. ఖాతా 'సెటిల్డ్' అని రిపోర్టులో ఏళ్ల తరబడి ఉంటుంది, ఆ బ్యాంకు మళ్లీ అప్పివ్వాలంటే కనీసం ఏడాది ఆగాలి. ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు, అదీ బ్యాంకు ఖాతాకే, ఏజెంటు చేతికి కాదు. మన వైపు ఐపీ పెట్టేయడం అంటారే, 1920 నాటి చట్టం కింద కోర్టుకెళ్లి దివాలా అనిపించుకోవడం, అది కూడా ఎవరో నీ చెవిన వేశారట. నీకు 28,000 మిగులుంది నాన్నా. ఆ మాట తలుచుకునే అవసరమే లేదు.

సంవత్సరానికోసారి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇస్తారు, సిబిల్ ఒక్కటే కాదు, నాలుగు సంస్థలూ ఇవ్వాలి. ఈ వారమే తీసి చూడు. మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు హడావుడిలో ఎక్కడెక్కడ సంతకాలు పెట్టావో నీకే గుర్తుండదు. నీకు తెలియని అప్పు కనిపిస్తే ఫిర్యాదు చెయ్యి. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలి. ఆ తర్వాత స్కోరు రోజూ చూసుకోకు. అది మెల్లగా లేస్తుంది.

బోనసు వస్తే సగం ప్రోనోటుకు, సగం ఆ అనుకోని ఖర్చుల డబ్బాలోకి. రెండు నెలల ఇంటి ఖర్చు అందులో చేరాక అప్పుడు మొత్తం అప్పుకే. పాప పుట్టినరోజు ఇంట్లోనే చేయండి, కేకు నేను తెస్తాను. పెళ్లిళ్లకు వెళ్లండి, చదివింపులు మీ స్థితికి తగ్గట్టు ఇవ్వండి. మనుషులకు దూరంగా మాత్రం ఉండొద్దు. ఏడాది గడిచాక ఒక విసుగు వస్తుంది. ఎంత కట్టినా ఇంకా ఉందే అనిపిస్తుంది. అందుకే బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి, ప్రతినెలా ఏడో తారీఖున ఏ బాకీ ఎంతకు దిగిందో అమ్మాయి చేత రాయించు. ఇద్దరూ చూసే కాగితం ఉంటే దాచే అవసరం రాదు. ఎప్పుడైనా మనసు మరీ కుంగిపోయి, బతికి ఏం లాభం అనే ఆలోచన దరిదాపులకు వచ్చినా సరే, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. నాకు చెప్పలేకపోతే టెలి మానస్ 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు ఎంతైనా అది మనిషి కంటే పెద్దది కాదు. మీ అమ్మకు భర్త పోయాడు. నువ్వున్నావు.

అమ్మకు అప్పుల సంగతి మొత్తం చెప్పేయండి, మీరిద్దరూ కలిసి చెప్పండి. ఆమె ఇప్పటికే సగం గ్రహించింది, నా చెల్లెలి సంగతి నాకు తెలుసు. పర్సనల్ లోను కాగితాలు, కార్డుల చివరి మూడు బిల్లులు, ప్రోనోటు ఫొటో ఒక కవరులో పెట్టుకుని వచ్చే ఆదివారం అందరూ రండి. కార్డు బ్యాంకుకు రాయాల్సిన ఉత్తరం నువ్వే రాసి తీసుకురా, నేను చూసి సరిదిద్దుతాను. సోమవారం పొద్దున అది బ్యాంకులో ఇచ్చాక, ఆఫీసుకు వెళ్లేముందు ఆ కొత్త ఖాతా తెరిచెయ్యి.

మీ పెద్దమ్మ